పందెం కాని పందెం

ఓ వంద మంది కలిసి, వారం రోజుల పాటు, రోజుకు వంద కిలోమీటర్లకు తగ్గకుండా సైకిళ్లు తొక్కుతూ, ఇది పందెం కాదని ఒకరికొకరు చెప్పుకోవడాన్ని గుంపు సైకిల్ యాత్ర అంటారు. దక్షిణాదిలో దీనికి పేరుమోసిన దారి మైసూరు నుంచి నీలగిరులకు ఎక్కేది. 2008లో టూర్ ఆఫ్ నీలగిరీస్ మొదలయ్యాక బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌ల ఉద్యోగులకు ఈ ఘాట్ రోడ్డు తీర్థయాత్రతో సమానమైంది. యాత్ర ఎవరు నడిపినా, మైసూరు నుంచి ఊటీకి వెళ్లే రోజు కథ మాత్రం ఒకటే.

ఆ రోజు తెల్లవారకముందే మొదలవుతుంది. సామాను లారీ ఎక్కుతుంది. నిర్వాహకుడు మైకు పట్టుకుని, ఎవరి ఓపిక కొద్దీ వారు తొక్కండి, చుట్టూ చూస్తూ వెళ్లండి, ఇది పందెం కాదు అంటాడు. అందరూ తలలూపుతారు. ఊపుతూనే పక్కవాడి పిక్కల వంక, టైర్ల వంక, చక్రాల కంపెనీ పేరు వంక ఓ చూపు వేస్తారు. పలకరింపుగా అవతలివాడి సైకిల్‌ను రెండు వేళ్లతో ఎత్తి చూడటం ఇక్కడి మర్యాద. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం నియమం ప్రకారం అసలు పందేల్లో సైకిల్ బరువు 6.8 కిలోలకు తగ్గకూడదు. పందెం కాని చోట ఆ నియమం వర్తించదు కనుక, పందెం సైకిల్‌ కన్నా తేలికైన సైకిల్ చూడాలంటే విహారయాత్రకే రావాలి.

మైసూరు నుంచి నంజనగూడు మీదుగా గుండ్లుపేట దాకా సుమారు అరవై కిలోమీటర్లు పెద్దగా ఎత్తుపల్లాలు లేని దారి. ఇక్కడ శత్రువు గాలి. వేగం పెరిగేకొద్దీ గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. ముందువాడి వెనుక చక్రానికి జానెడు దూరంలో నక్కితే ఇంచుమించు పావు వంతు శ్రమ తప్పుతుంది, గుంపు నడుమ దూరితే ఇంకా ఎక్కువే. ఈ ఏర్పాటును స్నేహభావం అని పిలుస్తారు. వంతులవారీగా ముందుకు రావాలన్న మాట ఉంటుంది గానీ, తన వంతు వచ్చేసరికి సరిగ్గా మంచినీళ్ల సీసా తీయాల్సిన పని పడేవాళ్లు ప్రతి గుంపులోనూ ఉంటారు. చుట్టూ చూడమన్న సలహా మాటకొస్తే, జానెడు దూరంలో తిరుగుతున్న చక్రం తప్ప మరొకటి చూసినవాడు ఆసుపత్రిలో తేలతాడు. నంజనగూడు రసబాళె అరటికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ ఊరి మీదుగానే పోతూ, విదేశీ పొట్లం చింపి తియ్యటి జిగురు పీల్చుకుంటారు. ఆగితే సగటు వేగం పడిపోతుందట. ఆగినప్పుడు తామూ లెక్క ఆపేసే కంప్యూటర్లు హ్యాండిల్‌కు బిగించుకున్న వాళ్ల మాట ఇది.

గుండ్లుపేట దాటాక వచ్చే బందీపూర్ అడవి రోడ్డు మీద రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా రాకపోకల నిషేధం 2009 నుంచి ఉంది. జంతువులకు ఆ మాత్రం నిద్ర దక్కుతోంది. పగలు ఏనుగు రోడ్డుకు అడ్డం నిలబడితే, ముందు పోయినవాళ్లూ వెనకబడ్డవాళ్లూ ఒకేచోట పోగవుతారు. గుంపు యాత్ర అన్న పేరుకు తగ్గ కలిసికట్టుతనం ఆ రోజు మొత్తంలో సిద్ధించేది అక్కడే. అంతసేపు సంపాదించిన ఆధిక్యం పోయిందని మొదటివాడికి ఏనుగు మీద లోలోపల కోపం.

తెప్పకాడు దాటి మసినగుడి చేరాక కల్హట్టి ఘాట్ మొదలవుతుంది. ముప్పై ఆరు హెయిర్‌పిన్ మలుపులు, మలుపుకో నంబరు బోర్డు. మసినగుడి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్లు, ఊటీ 2,240 మీటర్లు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ మీద నీడపట్టున ఆరితేరిన కాళ్లకు ఇక్కడ అసలు సంగతి తెలుస్తుంది. గంటకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంలో గాలి అడ్డు లెక్కలోకే రాదు, కాబట్టి స్నేహభావమూ రద్దవుతుంది. మోయాల్సింది బరువొక్కటే. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలనుకుంటే, లక్షలు పోసి తగ్గించిన ఒక కిలో, గంటన్నర ఎక్కుడులో మిగిల్చేది నిమిషం చిల్లర. రాత్రి మైసూరులో లాగించిన నేతి దోశల బరువు ఈ లెక్కలో వేయలేదు.

కల్హట్టి మీద అలసట అనేది ఎవరికీ ఉండదు. ఆగుతారు, అంతే.

"ఏం గురూ, కాళ్లు పట్టేశాయా?"

"అబ్బే, చైను ఏదో చప్పుడు చేస్తుంటే చూస్తున్నా."

చైను చూసేవాళ్లు, లోయ ఫొటో తీసేవాళ్లు, రాని ఫోను మాట్లాడేవాళ్లు మలుపుకొకరు కనిపిస్తారు. దాటిపోయేవాడు ఆయాసం బిగబట్టి, "నిదానంగా రండి సార్, తొందరేముంది" అని నవ్వి, మలుపు తిరిగాక నోరు తెరిచి గాలి పీలుస్తాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడూ ఉంటాడు గనక, తర్వాతి మలుపు దగ్గర అతని చైనూ చప్పుడు చేస్తుంది.

పందెం లేకుండా దూరాలు తొక్కే పద్ధతి లోకంలో లేకపోలేదు. 1903లో టూర్ డి ఫ్రాన్స్ పెట్టిన ఆన్రి డెగ్రాంజే, మరుసటి ఏడాది ఆడాక్స్ నియమాలు రాశాడు: గుంపంతా ఒకే వేగంతో సాగాలి, ముందున్న కెప్టెన్‌ను ఎవరూ దాటకూడదు. లోకంలోకెల్లా పెద్ద సైకిల్ పందేన్ని పుట్టించినవాడికి, పందెం వద్దనుకుంటే మైకులో చెబితే చాలదని తెలుసు. అదే నియమం కల్హట్టి మీద పెట్టి చూస్తే, మరుసటి ఏడాది ఎంతమంది డబ్బు కడతారో తేలిపోతుంది.

ఊటీ చేరాక స్నానానికి ముందే ఫోన్లు బయటికొస్తాయి. స్ట్రావా యాప్ ఘాట్‌ను ముక్కలు చేసి, ఏ ముక్క ఎవరు ఎన్ని నిమిషాల్లో ఎక్కారో వరసగా పేర్చి పెడుతుంది. పక్కవాడి సమయం చూడని విహారి ఉండడు. పద్దెనిమిదో మలుపు దగ్గర సపోర్ట్ వ్యాను ఎక్కిన ఒకడు రికార్డింగ్ ఆపడం మరిచిపోతే, ఆ సాయంత్రం జాబితాలో అతనే మొదటివాడు. అతనికి ఆ సంగతి తెలియదు, పడుకుని ఉంటాడు. రాత్రి భోజనాలు పూర్తయ్యేలోగా, ఇది పందెం కాదని పొద్దున తలూపినవాళ్లలో నలుగురైదుగురు ఎవరికి వారు, రెండోవాడికి తెలియకుండా, ఆ రికార్డు చెల్లదని యాప్‌కు ఫిర్యాదు పెట్టేసి ఉంటారు.