బందరులో విశ్రాంతి తీసుకునే విధానం

సముద్రపు ఒడ్డున రెండు రోజులు నడుం వాల్చాలనుకునేవాళ్లు గోవా వెళ్తారు, లేదంటే విశాఖ వెళ్తారు. మీరు అందరిలాంటివారు కారు కాబట్టి బందరు వెళ్లండి. కాగితాల్లో మచిలీపట్నం అని ఉంటుంది గానీ, బస్సులో ఆ పేరు చెప్పి టిక్కెట్టు అడిగితే పైఊరివారని ఇట్టే తెలిసిపోతుంది.

దారి తప్పుతామన్న భయం అక్కర్లేదు. పుణెలో బయల్దేరిన 65వ నంబరు జాతీయ రహదారి హైదరాబాదు, విజయవాడల మీదుగా వచ్చి ఇక్కడే అయిపోతుంది. రైలు పట్టాలూ ఇక్కడితో సరి. రోడ్డూ పట్టాలూ రెండూ అయిపోయాయంటే ముందున్నది సముద్రమే కదా అని స్టేషను బయట నిలబడి కెరటాల హోరు కోసం చెవి ఒగ్గుతారు. వినిపించేది ఆటోవాళ్ల కేకలు. ‘సముద్రం ఎటండీ?’ అని అడగండి. ‘మంగినపూడిలో ఉందండీ’ అంటాడు, పక్కూళ్లో ఉద్యోగం చేసుకుంటున్న బంధువు సంగతి చెప్పినట్టు. పది కిలోమీటర్ల పైమాటే. బందరు అంటే పారశీకంలో రేవు. కొత్త రేవుకు 2008లో, 2019లో, 2023లో శంకుస్థాపనలు జరిగాయి. పేరు నిలబెట్టుకోవడంలో ప్రయత్నలోపం ఏమీ లేదు.

గది తీసుకునేటప్పుడు కిటికీలోంచి సముద్రం కనబడాలని పట్టుబట్టకండి. కోనేరు సెంటరు కనబడుతుంది, దాంతో తృప్తి పడండి. అసలు జాగ్రత్త వేరే ఉంది: మీరొచ్చిన సంగతి ఊళ్లో ఎవరికీ తెలియకూడదు. బందరులో మాకెవరూ లేరు అనుకోవడం వట్టి అమాయకత్వం. మీ మేనత్త తోడికోడలి పుట్టిల్లు ఇక్కడే ఉంటుంది. ఆవిడ తమ్ముడు సాయంత్రానికల్లా హోటలు మెట్లెక్కి వస్తాడు. ‘హోటల్లో దిగారా? మేం చచ్చామనుకున్నారా బావగారూ?’ దీనికి జవాబు ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. నేనూ ప్రయత్నించి, అరగంటలో సూట్‌కేసు పట్టుకుని ఆయన స్కూటరు వెనక కూర్చున్నాను. ఆ ఇంట్లో చేపల పులుసు అయ్యాక పప్పు, పప్పు అయ్యాక పెరుగు, పెరుగు అయ్యాక ‘మా ఇంట్లో ఏమీ తినలేదు’ అనే నిష్ఠూరం. మధ్యాహ్నం కునుకు పడుతుండగా ‘పెడన వెళ్లి కలంకారీ చూద్దాం లేవండి’ అంటారు. కరక్కాయా గేదెపాలూ కలిపిన నీళ్లలో నానిన గుడ్డ, చెక్క అచ్చులు, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. చూడదగ్గవే. మీకు కావలసింది మాత్రం దిండు.

చరిత్ర మీద ఆసక్తి ఉన్నట్టు పొరపాటున కూడా ఒప్పుకోకండి. ఊరంతా అదే. ఆంగ్లేయులు 1611లో ఓడ దిగారు. ఇంగ్లీషుపాలెం వాళ్లది, పరాసుపేట ఫ్రెంచివాళ్లది, వలందపాలెం డచ్చివాళ్లది. హాలండు అన్న మాటను మనవాళ్లు వలందు చేసేశారు. వాళ్లంతా అద్దకం బట్టల కోసం వచ్చారు గానీ విశ్రాంతికి కాదు. అయినా బందరులో నిక్షేపంగా విశ్రాంతి దొరికింది డచ్చివాళ్లలో కొందరికే. ఇప్పటికీ సమాధుల్లో ఉన్నారు, భోజనానికి లేవమని పిలిచే బంధువులు లేరు.

ఇక సముద్రం. మంగినపూడికి తెల్ల ప్యాంటు వేసుకు వెళ్లండి. క్యాలండరు బొమ్మల్లోని బంగారు ఇసుక ఇక్కడ లేదు, ఉన్నది నల్లటి బంకమట్టి. ఏకాంతం కావాలంటే కార్తిక పౌర్ణమిని ఎంచుకోండి. ఆ తెల్లవారుజామున మీ ఏకాంతంలో పాలు పంచుకోవడానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ దీపాలు పట్టుకుని స్నానానికి వస్తాయి. మామూలు రోజయితే మీ వెంట తొమ్మిదిమందే ఉంటారు: బావగారి పిల్లలు, వాళ్ల స్నేహితులు, పులిహోర క్యారియరు మోసే అత్తగారు. ‘నాయనా, మోకాలు దాటి దిగొద్దు!’ అని ఆవిడ ఒడ్డునుంచి కేకేస్తూనే ఉంటుంది. నీళ్లు చూస్తే చెరువులా ఉన్నాయి. చాలా దూరం నడిచినా మోకాలు దాటేలా లేవు.

ఆ కేకను కూడా వేళాకోళం చేద్దామనే మొదలుపెట్టాను. 1864 నవంబరు 1 రాత్రి తుఫానుకు ఉప్పెన ఊళ్లోకే వచ్చింది, సుమారు 30 వేలమంది పోయారు. 1977 నవంబరు 19న పక్కనే దివిసీమలో మళ్లీ ఉప్పెన. చెప్పింది ఆవిడే, పులిహోర వడ్డిస్తూ, తన ఇంటి సంగతి చెప్పినట్టు. నేను మోకాలి దగ్గరే ఆగాను.

తిరుగు ప్రయాణానికి రాత్రి రైలు మంచిది, పడుకుని వెళ్లొచ్చు. స్టేషనుకు అందరూ వస్తారు, చేతులూపుకుంటూ మాత్రం రారు. బందరు లడ్డు రెండు కిలోలు. శనగపిండిని నూనెలో వండి, దంచి, బెల్లం పాకంలో కలిపి మళ్లీ దంచితే వచ్చేది కాబట్టి దీన్నే తొక్కుడు లడ్డు అంటారు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దాని పక్కన నల్ల హల్వా, ఆవకాయ జాడీ, మేనత్తకు చేర్చాల్సిన బియ్యపు మూట. రైలు కదిలాక, మూడు రోజుల్లో మొదటిసారి నడుం వాల్చడానికి మీకంటూ ఒక బెర్తు ఉంటుంది. దాని మీద జాడీ కుదురుగా నిలబడేలా కాళ్ల దగ్గర ఆసరా పెట్టి, మీరు కిటికీ పక్కన కూర్చోండి.