ఆగితే ఆగడమే!

తెలుగులో ఆగడం అంటే రెండర్థాలు. నడిచే బండి నిలబడటం ఒకటి, దౌర్జన్యం రెండోది. ఈ రెంటికీ చుట్టరికం ఏమిటో నిఘంటువుల్లో వెతికితే దొరకదు. ఇంగ్లండు వెళ్ళి ఒక పాత కారు కొనుక్కుంటే నెల తిరక్కుండా తెలుస్తుంది.

లండన్ శివార్లలో ఉండే ఒక తెలుగు కుర్రాణ్ణి ఊహించుకోండి. శుక్రవారం సాయంత్రం, సన్నటి వాన. ఫోనులో దోసెలు ఆర్డరిచ్చాడు. హోటలు పక్కన నాలుగు షాపులకు కలిపి ఒక ఖాళీ జాగా ఉంది. అందులో కారు ఆగింది, నాలుగు ఇండికేటర్లూ టిక్కు టిక్కుమంటున్నాయి. పార్సిల్ చేతికొచ్చింది. కొబ్బరి చట్నీ ఇంకో డబ్బా వెయ్యమని బతిమాలడం అయింది. కారు కదిలింది. మొత్తం ఏడు నిమిషాలు. అందులో రెండు చట్నీవే.

పది రోజులకు కిటికీ ఉన్న తెల్ల కవరొకటి వచ్చింది. లోపల రెండు ఫొటోలు: కారు లోపలికొచ్చేటప్పుడొకటి, బయటికెళ్ళేటప్పుడొకటి. చీకట్లో నంబరు ప్లేటు మాత్రం పెళ్ళికూతురి మొహంలా వెలిగిపోతోంది. కింద లెక్క: 100 పౌండ్లు. 14 రోజుల్లో కడితే 60.

హైదరాబాదులో పెరిగినవాడికి డిస్కౌంటు కనపడగానే ప్రాణం లేచొస్తుంది. తెలంగాణలో ట్రాఫిక్ చలాన్లు పేరుకుపోతే 2022 మార్చిలో బైకుల మీద 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం మాఫీ చేశారు. అంటే ఆగినకొద్దీ లాభం. మనవాడు ఆ లెక్కనే ఉత్తరాన్ని ఫ్రిజ్ మీద పెట్టి సంక్రాంతి ఆఫరు కోసం ఎదురుచూశాడు. అక్కడ శాస్త్రం తిరగేసి ఉంటుంది. డిస్కౌంటు ముందొస్తుంది, పదిహేనో రోజున మాయమవుతుంది, ఆ తర్వాత వసూలు కంపెనీ ఎర్రక్షరాల ఉత్తరంతో ఇంకో 70 పౌండ్లు కలుపుకుని దిగుతుంది.

ఇంతకీ ఇది జరిమానా కాదు. ఈ ముక్క తెలియకే సగంమంది వణికిపోయి కట్టేస్తారు. కౌన్సిల్ వాళ్ళు పంపేది పెనాల్టీ చార్జ్ నోటీస్. ప్రైవేటు కంపెనీ పంపేది పార్కింగ్ చార్జ్ నోటీస్. పొట్టిపేరు రెంటికీ పీసీఎన్ అవడం ఎంత కాకతాళీయమో, కాగితం రంగులు, నలుపు పసుపు గళ్ళ అంచులు కూడా ఒక్కోసారి అంతే కాకతాళీయంగా కలుస్తుంటాయి. రెండోది నిజానికి ఒక బిల్లు. 'మా బోర్డు చూశారు, ఆగారు, కాబట్టి ఒప్పుకున్నారు' అన్నది దాని సారం. పెళ్ళిచూపులకొచ్చి కాఫీ తాగితే తాళి కట్టేసినట్టే అనడం లాంటిదిది.

మరి అడ్రసు ఎలా తెలిసింది? సర్కారే ఇచ్చింది. బళ్ళ రిజిస్ట్రేషన్లు చూసే డీవీఎల్ఏ అనే శాఖ ఒక్కో యజమాని వివరానికి 2.50 పౌండ్లు తీసుకుని కంపెనీలకు అందిస్తుంది. ఏటా కోటికి పైగా అలా వెళ్తున్నాయి. ఇది వ్యాపారం కాదు, ఖర్చులకు సరిపడా తీసుకుంటున్నామంతే అంటుంది ఆ శాఖ. పెళ్ళిళ్ళ పేరయ్య కూడా అదే అంటాడు.

అలాగని ఈ బిల్లులన్నీ చెల్లని కాగితాలూ కావు. బ్యారీ బీవిస్ అనే ఆయన ఉన్నాడు. చేపలు, చిప్సూ అమ్మే దుకాణం ఆయనది. 2013లో చెమ్స్‌ఫర్డ్‌లోని ఒక రిటైల్ పార్కులో రెండు గంటలు ఉచితమంటే 56 నిమిషాలు ఎక్కువుండిపోయాడు. బిల్లు 85 పౌండ్లు. కట్టనని సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 2015 నవంబరులో ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు కట్టాల్సిందే అన్నారు. బోర్డులు పెద్దవిగా, కొట్టొచ్చినట్టున్నాయి, జాగా అందరికీ అందాలంటే ఆ మాత్రం భయం ఉండాలి అన్నది వాళ్ళ తర్కం. ఆ రోజు నుంచి కంపెనీల ఉత్తరాల్లో బీవిస్ నామస్మరణ లేనిది శుభం జరగదు. మీ కారు మూడు నిమిషాలు ఆగినా ఆయన పేరే.

కానీ 56 నిమిషాలు ఎక్కువ నిలిపి ఉంచడం వేరు, ఒక క్షణం ఆగడం వేరు. ఈ తేడా చెప్పినవాడు 2016లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టులో ఒక జడ్జి. జాప్సన్ అనే ఆవిడ తను ఉండే ఫ్లాట్ల గుమ్మం ముందు కారాపి, ఒక బల్లను లోపలికి చేర్చి వచ్చేసరికి అద్దానికి టికెట్ అంటించి ఉంది. సామాను దించడానికి కాసేపాగడం పార్కింగ్ కాదు, అలా అనుకుంటే పోస్టుమన్‌కీ పాలవాడికీ కూడా బిల్లేయాలి, ఫ్లాట్లలో కాపురాలు సాగవు అని ఆయన తేల్చాడు. కింది కోర్టు తీర్పును అప్పీల్లో తిప్పి చెప్పిన మాట కాబట్టి దీనికి బరువుంది. అయినా అన్ని కోర్టులనూ కట్టిపడేసే తీర్పు మాత్రం కాదు.

అంతకంటే పాత కేసు వింటే కడుపులో తిప్పుతుంది. తిప్పింది కూడా. ఆస్పత్రి నుంచి కారులో ఇంటికెళ్తున్న ఒకావిడకు దారిలో బాగా వికారమైంది. పక్కనున్న ప్రైవేటు జాగాలో ఆపి, దిగి వాంతి చేసుకుని నిమిషాల్లో వెనక్కొచ్చేసరికి చక్రానికి ఇనప బిగింపు! వంద పౌండ్లకు పైగా కడితే గానీ విప్పలేదు. బోర్డయితే ఉంది, దానికి అడ్డంగా ఒక రేంజ్ రోవర్ కూడా ఉంది. బోర్డు చూడని మనిషి దేనికీ ఒప్పుకున్నట్టు కాదని 2000లో అప్పీల్ కోర్టు ఆవిడ పక్షాన తీర్పిచ్చింది. ప్రైవేటు జాగాల్లో ఆ బిగింపుల ముచ్చట ఇంగ్లండు, వేల్సుల్లో 2012 అక్టోబరులో నిషేధంతో ముగిసింది. ఇనుము పోయి కవరు వచ్చింది.

బిగింపులను తీసేసిన చట్టమే కంపెనీలకు ఒక వరమూ ఇచ్చింది. నడిపిందెవరో తెలియకపోయినా కారు యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు, కాకపోతే నియమాలు పాటించాలి. కెమెరా కేసైతే యజమానికి నోటీసు 14 రోజుల్లో చేరాలి. పదిహేనో రోజున చేరితే యజమాని మెడకు అది తగులుకోదు, నడిపినవాణ్ణి వెతుక్కోవాల్సిందే. విమానాశ్రయాల్లో సొంత ఉపనిబంధనలున్న చోట్ల ఈ వరం అసలే పనిచేయదు. అందుకే ఉత్తరాలు అంత ఆప్యాయంగా అడుగుతాయి: 'ఆ సమయంలో కారు నడిపింది ఎవరండీ?'

పోలీసులు అడిగితే చెప్పి తీరాలి. పార్కింగ్ కంపెనీ అడిగితే చెప్పాలని చట్టమేమీ లేదు. ఇక్కడ తెలుగువాడికి పుట్టుకతో వచ్చిన విద్య అక్కరకొస్తుంది. చిన్నప్పుడు నానమ్మ ముందు నిలబడి ఎవరమూ 'గ్లాసు పగలగొట్టాను' అనలేదు. 'గ్లాసు పగిలింది' అన్నాం. పాలు ఒలికాయి, తలుపు పడింది, కారు ఆగింది. కర్త ఎక్కడా కనపడడు. ఇంగ్లీషులో అప్పీలు రాసేటప్పుడు మనవాళ్ళు ఈ సంస్కారమంతా మరచి, మొదటి వాక్యంలోనే 'నేనే ఆపానండీ, రెండు నిమిషాలే' అని రాసి కంపెనీ పని తేలిక చేస్తారు. (పై పేరాల్లో దోసెలకు వెళ్ళిందెవరో ఈ కాలమ్ కూడా చెప్పలేదని గమనించాలి.)

అప్పీలు మొదట కంపెనీకే. దొంగను తాళంచెవి అడిగినట్టుంటుందేమో గానీ అడగాలి. కాదంటే ఆ కంపెనీ ఏ పార్కింగ్ కంపెనీల సంఘంలో ఉంటే ఆ సంఘపు అప్పీళ్ళ గుమ్మం తొక్కాలి: ఒక సంఘానిది పోప్లా, రెండోదానిది ఐఏఎస్. పోప్లాకు 28 రోజుల గడువు, వాహనదారుడికి రుసుము లేదు. అసలు ఈ గుమ్మాలన్నిటికీ కలిపి సర్కారే ఒక నియమావళి పెట్టాలని 2019లో చట్టం చేశారు. 2022 ఫిబ్రవరిలో నియమావళి వచ్చింది. కంపెనీలు కోర్టుకెక్కడంతో అదే ఏడాది జూన్‌లో వెనక్కెళ్ళింది. సర్కారు నియమావళి కూడా అలా వచ్చి కాసేపాగి పోయింది. దానికెవరూ బిల్లు పంపలేదు. ఈలోగా సంఘాలు తమ నియమావళి తామే రాసుకున్నాయి.

ఉత్తరాలను చెత్తబుట్టలో వేస్తే పోతుందనే సలహా ఒకటి వాట్సాప్ గ్రూపుల్లో పదేళ్ళుగా తిరుగుతోంది. కోర్టు కాగితం వచ్చినా బుట్టలో వేస్తే, జవాబు లేదని తీర్పు రావడం, నెలలోగా కట్టకపోతే ఆరేళ్ళు అప్పుల చిట్టాలో మచ్చగా మిగలడం ఖాయం. అప్పుడు ఇంటి లోనుకు వెళ్తే, దోసె ఎంత పడిందో బ్యాంకు లెక్కగట్టి చెబుతుంది.

కాసేపాగినా డబ్బు గుంజే ఈ రోగానికి మన దగ్గర 2018లో ఒక మందు వేశారు. తెలంగాణలో మాల్స్, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట పార్కింగ్ ఉచితం అని జీవో 63 ఇచ్చారు. అరగంటంటే పదిహేను చట్నీ డబ్బాల సమయం.

చివరికి మనవాడు అప్పీలుకు బోర్డు ఫొటో తెద్దామని బయలుదేరాడు. బుద్ధొచ్చింది కనక ఈసారి బస్సులో. బోర్డు రెండు నిలువుల ఎత్తున, దీపం లేని గోడ మీద ఉంది. పైన పెద్దగా 'స్వాగతం', కింద చీమల బారులా షరతులు. బోర్డు చదివి ఉండాలో పోవాలో తేల్చుకోవడానికి మామూలుగా కనీసం 5 నిమిషాలివ్వాలని సంఘాల నియమావళే చెబుతోంది. వాడు ఫోను టార్చి పైకెత్తి, ఇంకో చేత్తో గొడుగు పట్టుకుని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివాడు. స్టాప్‌వాచ్ 8 నిమిషాల 20 సెకన్లు చూపించింది. దాని స్క్రీన్‌షాట్ కూడా అప్పీలుకు జతచేశాడు.