శవాసనంలో గూడ్సు బండి

"నడుము నొప్పని ఇంట్లో మూలిగే బదులు అక్కడికెళ్లి మూలగండి, వాళ్లు దానికో పేరైనా పెడతారు" అని మా ఆవిడ నన్ను గోల్ బజార్ దగ్గర, ఓ మేడ మీద కొత్తగా పెట్టిన యోగా క్లాసుకి తరిమింది.

వెళ్లి చూస్తే సగం మనవాళ్లే. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే (బీఎన్నార్) వర్క్‌షాపు పనికి ఖరగ్‌పూర్ వచ్చినవాళ్ల సంతతి. రిటైరైన ఫిట్టర్లు, ఒక గార్డు బాబాయి. నేర్పే పిల్ల బెంగాలీ. "కాకూ, హాటు శోజా!" అంటూ మోకాళ్లు నిటారుగా పెట్టమంటుంది. మా మోకాళ్లకి ఏ భాషా పట్టడం లేదు. వృక్షాసనం మాత్రం అందరం అవలీలగా వేశాం. హౌరా లోకల్లో సాంత్రాగాచీ దాకా ఒంటికాలి మీద వెళ్లినవాళ్లకి అదో లెక్కా!

అసలు యోగాకీ రైల్వేకీ చుట్టరికం పాతదే. పరమహంస యోగానంద తండ్రి భగవతీ చరణ్ ఘోష్ మా బీఎన్నార్‌లో పెద్ద ఆఫీసరు. కొడుకు గురువుల్ని వెతుక్కుంటూ తిరిగింది ఆయన ఇప్పించిన పాసుల మీదే. యోగానంద తమ్ముడు బిష్ణు ఘోష్ 1923లో కలకత్తాలో వ్యాయామ కళాశాల పెట్టి ఆసనాలు నేర్పాడు. ఇంతా చేసి యోగానంద పుట్టింది మాత్రం 1893లో, గోరఖ్‌పూర్‌లో. 1072 మీటర్లతో ప్రపంచంలోకెల్లా పొడవైనదని మేం చుట్టాలకి చూపించుకునే మా ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం రికార్డుని 2013లో 1366 మీటర్లు కట్టి కొట్టేసిందీ ఆ ఊరే. 2023లో హుబ్బళ్లి 1507 మీటర్లతో దాన్నీ దాటేసిందని తెలిసిన రోజు మా ఇంట్లో పాయసం వండలేదు గానీ, వండినా తప్పులేదు.

చివర్లో శవాసనం. లైట్లు తీసేశారు, కళ్లు మూసుకున్నాం. దూరంగా హారన్.

"గూడ్సు," అన్నాడు గార్డు బాబాయి, కళ్లు తెరవకుండానే. "ఖాళీ రేకు."

"కాదు బాబాయ్, లోడే. ఖాళీదైతే వేగన్లు ఈపాటికి గలగలమనేవి," అని గోడ పక్క శవం.

"కాకూ, కథా నా! ధ్యాస ఊపిరి మీద!"

"ఊపిరి మీదే ఉందమ్మా. ఇది నింపురా యార్డులో ఆగుతుంది, చూడండి."

ఆగుతుందా, ఆగదా? చక్రాల చప్పుడు తేలిపోయేదాకా గదిలో ఒక్కరూ ఊపిరి వదల్లేదు.

ఆ పిల్ల మురిసిపోయింది. మొదటి రోజే ఇంతసేపు కుంభకం పట్టిన క్లాసుని ఆవిడ చూడలేదట.