కొత్త నాటిక, పాత పశ్చాత్తాపం

ఉగాది వెళ్ళీ వెళ్ళకముందే నాటక పరిషత్తుల ఫ్లెక్సీలు లేస్తాయి. ఈసారి మా ఊరి ఫ్లెక్సీ మీద 'నవ రచయితల నూతన నాటికల పోటీలు' అని ఉంది. ఎమ్మెల్యేగారు నిలువెత్తున ఉన్నారు. ఛైర్మన్‌గారు, బంగారు కొట్టు యజమాని, దండతో సహా ఆయన స్వర్గీయ తండ్రిగారు ఉన్నారు. నవ రచయితల పేర్లు మాత్రం లేవు. చోటు చాల్లేదన్నారు కార్యదర్శిగారు. నిజమే, దండ బాగా వెడల్పుగా ఉంది.

రాత్రి ఏడింటికి ప్రారంభమని వేశారు. సరిగ్గా ఏడింటికే ప్రారంభమైంది, సభ. వక్తలందరిదీ ఒకటే మాట: నాటకం చచ్చిపోతోంది. తలా ఇరవై నిమిషాలు తీసుకుని తొమ్మిదిన్నర దాకా దాన్ని నిదానంగా చంపి, కప్పాల్సిన శాలువాలన్నీ కప్పాక మొదటి గంట కొట్టారు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టిన దగ్గర్నుంచి 1998లో ప్రభుత్వం నంది నాటకోత్సవాలు మొదలెట్టిన దాకా చరిత్రంతా చెప్పిన ముఖ్య అతిథిగారు, గంట వినగానే కారెక్కారు. నాటకాన్ని బతికించేవారికి దాన్ని చూసే తీరిక ఉండదు.

మొదటి కొత్త నాటికలో కొడుకు అమెరికాలో, తండ్రి వృద్ధాశ్రమంలో. రెండోదాంట్లో కొడుకు ఆస్ట్రేలియాలో. మూడోది నిజంగానే కొత్తది: కూతురు అమెరికాలో. మూడింట్లోనూ యాభయ్యో నిమిషానికి ఫోను మోగింది. యాభై అయిదుకు పశ్చాత్తాపం, నీలం లైటు, వేణువు, ఫ్రీజు.

కుర్ర రచయితలను తిట్టకండి. వాళ్ళు కలం పట్టేసరికే నాటికను నిబంధనలు సగం రాసేసి ఉంటాయి. గంటలో ముగించాలి. పాత్రలు పెరిగితే నాటక సమాజానికి బస్సు ఛార్జీలు పెరుగుతాయి. ఆడపాత్ర ఒక్కటే ఉంటే మేలు, ఎందుకంటే పరిషత్తులకు తిరిగే నటీమణులు కొద్దిమందే. ఒకే రాత్రి ఒక నాటికలో తల్లిగా ఏడ్చి, మరోదాంట్లో కోడలిగా ఏడిపించాలి. స్క్రూటినీకి వచ్చినవారు సందేశం ఎక్కడని అడుగుతారు. న్యాయనిర్ణేతల మార్కుల కాగితంలో ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ రచన, ఉత్తమ నటుడు అన్నీ ఉంటాయి. 'ఇలాంటిది ఇదివరకు చూడలేదు' అనే గడి ఉండదు. కుర్రవాడు తెలివైనవాడు. మార్కులు ఎక్కడ పడతాయో అక్కడే ఏడిపిస్తాడు.

గురజాడవారు ఈ పోటీకి కన్యాశుల్కం పంపి ఉంటే జవాబు ఇలా వచ్చేది: 'అయ్యా, తమ రచన అందినది. ఏడంకాలు గంటలో ఇమడవు. మధురవాణికి తెలివి మోతాదు మించినది. మంచివాడెవరో, చెడ్డవాడెవరో మొదటి సీనులోనే తేల్చలేదు. గిరీశం ఆఖరు దాకా పశ్చాత్తాపపడలేదు. కావున గిరీశాన్ని అమెరికా పంపి, అగ్నిహోత్రావధాన్లను వృద్ధాశ్రమంలో చేర్చి, తిరిగి పంపగలరు.'

ఆయన అదృష్టం కొద్దీ అప్పటికి పరిషత్తులు లేవు. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు ఆడారు. 1897లో అచ్చయింది. అక్కడితో ఊరుకోకుండా ఇంకో నాటకమా అన్నంతగా తిరగరాసి 1909లో మళ్ళీ అచ్చు వేయించారు. మొదటి ప్రదర్శనకూ ఆ కూర్పుకూ మధ్య పదిహేడేళ్ళు. మన నవ రచయితకు పదిహేడు రోజులు కూడా దొరకవు. బహుమతి వస్తే ఒక్క డైలాగు మార్చనివ్వరు. రాకపోతే మళ్ళీ ఆడనే ఆడరు.

ఇంతకీ హాల్లో ఉన్నదెవరు? మేకప్ వేసుకుని తమ వంతు కోసం చూసే తర్వాతి నాటికవారు. మేకప్ తుడుచుకుంటూ ఫలితాల కోసం చూసే ముందు నాటికవారు. ఊరివాళ్ళు రాలేదు. 'ప్రవేశం ఉచితం' అని మనమే వేశాం కదా, ఊరికే వచ్చేదాని విలువ వాళ్ళకు తెలుసు. 1885లో మొదలైన సురభి నాటక సమాజాలవారు జనం చేత టిక్కెట్టు కొనిపించే కుటుంబాలకు కుటుంబాలను పోషించుకున్నారు.

పరిషత్తులే లేకపోతే చాలా ఊళ్ళలో ఈ మాత్రం తెర కూడా లేవదు. సొంత డబ్బు పెట్టి, ఇంట్లో చీవాట్లు తిని నడుపుతున్న నిర్వాహకులు ఎందరో ఉన్నారు. విన్నపం కూడా వారికే. ఒక్క రాత్రి పోటీ, బహుమతి, ఉపన్యాసం లేకుండా కొత్త నాటిక ఆడించండి. ఇరవై రూపాయల టిక్కెట్టు పెట్టండి. ఫ్లెక్సీ మీద రచయిత పేరు పెద్దక్షరాల్లో వేయండి. అయ్యాక ఆ పిల్లవాణ్ణి వేదికెక్కించి, చూసినవాళ్ళ చేత నాలుగు ప్రశ్నలు అడిగించండి. ఆర్నెల్లకు, అతను తిరగరాశాక, అదే నాటిక మళ్ళీ ఆడించండి. డబ్బెక్కడిదంటారా? ఈ ఏటి శాలువాల పద్దు ఒకసారి తీసి చూడండి, సరిపోతుంది.