ముగ్గురు జడ్జీలు, ఒక బాబాయి

(విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్. సోఫాలో ఉపన్యాసాల బాబాయి, వీపు వెనక రెండు దిళ్లు. ఆయన అన్నగారమ్మాయి ఈ ఇంటి కోడలు, బ్యాంకు ఉద్యోగిని. ఆదివారం తొలిసారి పవర్‌లిఫ్టింగ్ పోటీకి వెళ్తోంది. నిబంధనలు చెప్పడానికి కోచ్ వచ్చాడు. అత్తగారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.)

బాబాయి: తల్లీ, హద్దులు చెరిపెయ్! కంఫర్ట్ జోన్ బద్దలు కొట్టు! ఇంతవరకూ ముట్టని బరువు మొదటి దెబ్బకే ఎత్తెయ్!

కోచ్: అలా ఎత్తకండి మేడం. స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్. ఒక్కోదానికి మూడే అవకాశాలు. ఏ ఒక్కదాంట్లోనైనా మూడూ పోతే టోటల్ రాదు. మొదటిసారి తప్పితే బరువు తగ్గించుకోనివ్వరు కూడా. జిమ్‌లో వరసగా మూడుసార్లు హాయిగా చేసే బరువుతో మొదలెట్టండి.

బాబాయి: హాయిగానా! ఆ హాయే మన శత్రువయ్యా!

కోడలు: నా భయం బరువు గురించి కాదు బాబాయ్. ఆ సింగ్‌లెట్ గురించి.

అత్తగారు: అదేంటే?

కోచ్: బనీనూ నిక్కరూ కలిపి కుట్టినట్టు, ఒంటికి అతుక్కుని ఉంటుంది ఆంటీ. అది లేకపోతే ప్లాట్‌ఫామ్ ఎక్కనివ్వరు. లోపల టీషర్టు వేసుకుంటారు. డెడ్‌లిఫ్ట్‌కి మోకాళ్ల దాకా సాక్సు.

కోడలు: గదిలో వేసుకుని చూశా. అది వేసుకుని హాల్లోకి రావడానికే ఇంకా కాళ్లు ఆడలేదు.

బాబాయి: భయాన్ని కౌగిలించుకో తల్లీ!

(ఇలాంటి మాటలు బయట గంటకి ఎనిమిది వేలు. చుట్టాలకైతే కాఫీకే.)

బాబాయి: మన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ నుంచి కాంస్యం తెచ్చిందంటే, సోఫాలో కూర్చుని తెచ్చిందా?

కోచ్: ఆవిడది వెయిట్‌లిఫ్టింగ్ సార్. స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్. 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తారు. ఇది పవర్‌లిఫ్టింగ్. ఒలింపిక్స్‌లో లేదు.

బాబాయి: ఏ లిఫ్టింగైతేనేం, సందేశం ఒకటే!

కోచ్: సందేశానికి లైట్లు వెలగవు సార్.

అత్తగారు: లైట్లేంటి బాబూ?

కోచ్: ముగ్గురు జడ్జీలుంటారు ఆంటీ. ఎదురుగా ఒకరు, పక్కల చెరొకరు. సరిగ్గా ఎత్తితే తెల్ల లైటు, తప్పుంటే ఎర్రది. రెండు తెల్లవైనా రావాలి.

అత్తగారు: ముగ్గురెందుకు? ఇక్కడ నాలుగేళ్లుగా నేనొక్కదాన్నే సరిపోతున్నాగా. ఇంతకీ తప్పంటే?

కోచ్: స్క్వాట్‌లో తుంటి మడత మోకాలి పైభాగం కంటే కిందికి దిగాలి. లేచి నిలబడ్డాక జడ్జి "ర్యాక్" అనకముందే బార్ పెట్టేస్తే తప్పు. బెంచ్‌లో బార్ ఛాతీ మీద కదలకుండా ఆగాలి, "ప్రెస్" అన్నాకే పైకి తొయ్యాలి. డెడ్‌లిఫ్ట్‌లో "డౌన్" అనేదాకా దించకూడదు. కొత్తవాళ్లలో చాలామంది బలం చాలక కాదు, తొందరపడి పోగొట్టుకుంటారు.

కోడలు: మొన్న నేనూ అంతే. ఎత్తేశానన్న సంబరంలో వెంటనే వదిలేశా.

అత్తగారు: ఆగడం నీకెప్పుడొచ్చింది? ఆవిరి పోకుండానే కుక్కరు మూత లాగుతావు.

బాబాయి: ఎవరో చెప్పేదాకా ఆగడమా! విజేత ఎవరి అనుమతీ అడగడు!

కోచ్: ఇక్కడ అడక్కపోతే ఎర్ర లైటే సార్.

(బాబాయి ఖాళీ కాఫీ గ్లాసు ముందుకు జరిపారు. కోడలు లేవబోయింది. అత్తగారు కంటిచూపుతోనే కూర్చోబెట్టింది.)

కోచ్: పోటీ తొమ్మిదింటికి. రెండు గంటల ముందే మన బరువు చూస్తారు. మీది 63 కిలోల విభాగం. ఇవాళ ఎంతున్నారు?

కోడలు: అరవై రెండున్నర.

బాబాయి: తిండి మానెయ్! ఆకలే ఆయుధం!

కోచ్: మానకండి మేడం. తొలి పోటీకి ఆ తంటాలొద్దు. దాటితే 69లో చేద్దాం.

అత్తగారు: అన్నయ్యగారూ, మరి మీరు టిఫిను తింటారా, ఆయుధం పడతారా?

బాబాయి: పెసరట్టయితే ఒకటి చాలు చెల్లెమ్మగారూ. ఉప్మా కూడా ఉంటే సరే.

కోడలు: ఆదివారం మీరూ రండి బాబాయ్. ముందు వరసలోంచి మీరొక్క కేక వేస్తే ధైర్యంగా ఉంటుంది.

బాబాయి: పొద్దున్నే ఏడింటికా? ఎనిమిదిన్నరకి గానీ నాకు తెల్లారదు తల్లీ. నిద్ర చెడితే రోజంతా తలనొప్పి. పైగా ఆ హాళ్లలో ఏసీ కూడా ఉండదు. వీడియో పంపు, సాయంత్రం ఉపన్యాసంలో వాడుకుంటా.

అత్తగారు: నేనొస్తాలేవే. బాబూ, ఆ ఎర్ర లైటు నొక్కేవాళ్లలో ఎవరైనా రాకపోతే నాకో మాట చెప్పు.