ఓడితే మిషను, గెలిస్తే జనం

రాజకీయాల్లో తప్పుడు నమ్మకాలు పెట్టుకున్నవాళ్ల మనసు మార్చడం ఎలాగని తలలు పట్టుకుంటున్న పెద్దమనుషులకు ఒక శుభవార్త. మనసు మారుతుంది. అదీ ఒక్క పూటలో. పొద్దున ఎనిమిదింటికి పోస్టల్ బ్యాలెట్లతో మొదలై, మధ్యాహ్నం భోజనాల వేళకు మారడం పూర్తయిపోతుంది. ఇందులో మీ వాదనా పటిమ ఏమీ లేదు, అంతా కౌంటింగ్ మహిమ. చిక్కల్లా ఒక్కటే. అదే పూట అవతలివాడి మనసు కూడా మారిపోతుంది. కాసేపాగి చూస్తే ఇద్దరూ కుర్చీలు మార్చుకుని మళ్లీ ఎదురెదురుగానే కూర్చుని ఉంటారు.

ఈవీఎం సంగతే చూడండి. ఆంధ్రలో ఆ మిషను మీద నమ్మకం ఎన్నికకోసారి పార్టీ మారుతుంది. ఎమ్మెల్యేలైతే కాస్త ముందో వెనకో మారతారు. ఇది మాత్రం టంచనుగా ఫలితాల రోజే మారుతుంది.

2019లో చంద్రబాబు గారు 21 ప్రతిపక్ష పార్టీలను కూడగట్టి, ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ల చీటీలు సగమన్నా లెక్కపెట్టాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. నియోజకవర్గానికి ఒక్క మిషను చీటీలు లెక్కపెట్టేచోట 5 మిషన్లవి లెక్కపెట్టండని ఏప్రిల్ 8న కోర్టు చెప్పింది. 11న పోలింగు. మిషన్లు మొరాయించాయని ఆ రోజే ఆయన ఎన్నికల సంఘం మీద విరుచుకుపడ్డారు. ఓటమి భయం అని వైసీపీ వాళ్లు నవ్వారు. వైసీపీకి 151 వచ్చాయి, తెలుగుదేశానికి 23. 2024 జూన్ 4న లెక్క తిరగబడింది. తెలుగుదేశం కూటమికి 164, వైసీపీకి 11. రెండు వారాలు గడిచాయో లేదో, ముందుకెళ్లిన ప్రజాస్వామ్య దేశాలు చాలావరకు కాగితపు బ్యాలెట్టే వాడుతున్నాయి, మనమూ అటే వెళ్లాలని జగన్ గారు ఎక్స్‌లో రాశారు. ఈసారి నవ్వే వంతు తెలుగుదేశం వాళ్లది.

మావైపు ఎరువుల కొట్టు నడిపే బావా బావమరుదులున్నారు. కొట్టొకటే, గల్లాపెట్టె ఒకటే, పార్టీలు మాత్రం రెండు: బావది సైకిల్ గుర్తు తెలుగుదేశం, బావమరిదిది ఫ్యాను గుర్తు వైసీపీ. 2019 ఫలితాల సాయంత్రం బావ యూరియా బస్తా మీద చతికిలపడ్డాడు.

"ఏరా, సైకిల్ నొక్కితే ఫ్యానెట్టా తిరిగిద్దిరా?"

"అద్దంలో ఏడు సెకన్లు చీటీ కనపడిద్ది గదా బావా. నీకు కనపళ్లా?"

"కనపడింది. నాకు సైకిలే కనపడింది. లోపల పడేది వేరే ఉంటది."

"ఊళ్లో ఒక్కడన్నా నా చీటీ తేడాగా వచ్చిందన్నాడా? ఓడినోళ్లకి పేచీలెక్కువలే."

2024 జూన్‌లో అదే కొట్టు. ఈసారి బస్తా మీద బావమరిది ఉన్నాడు, గల్లా దగ్గర బావ ఉన్నాడు.

"బావా, మా వీధి వీధంతా ఫ్యానుకేసింది. ఆ ఓట్లన్నీ ఏమయినయ్?"

"అద్దంలో ఏడు సెకన్లు చీటీ కనపడిద్ది గదరా. నీకు కనపళ్లా?"

"కనపడితే? లోపల పడేది వేరే ఉంటది."

అప్పుల పుస్తకం రాసుకుంటున్న ఇల్లాలు, అంటే ఒకరికి భార్య, ఒకరికి అక్క, తలెత్తకుండానే అంది: "పోయినసారి నువ్వన్న మాటలేరా తమ్ముడూ ఆయన అంటన్నది. ఆయనవి నువ్వంటన్నావ్. టీలు చల్లారతన్నయ్, తాగండి ముందు."

ఆ కొట్లో ఎవరూ ఎవరి మనసూ మార్చలేదు. వాదనలే చెక్కుచెదరకుండా చేతులు మారాయి. అధికారం మారినప్పుడల్లా పార్టీలు ఈ అనుమానాల ఫైలును కూడా ఒకరికొకరు అప్పజెప్పుకుంటే టైపింగ్ ఖర్చన్నా కలిసొస్తుంది.

ఇదేదో తెలుగువాళ్ల సొంత ప్రతిభ అనుకుని మురిసిపోకండి. ఈ మిషన్ను దేశంలో మొదటిసారి వాడింది 1982లో, కేరళలోని పరవూరు అసెంబ్లీ స్థానంలో, 50 పోలింగ్ కేంద్రాల్లో. మిషను వద్దే వద్దని సీపీఐ అభ్యర్థి శివన్ పిళ్లై గారు పోలింగుకు ముందే హైకోర్టుకు వెళ్లారు. తీరా లెక్కపెడితే 123 ఓట్లతో ఆయనే గెలిచారు. మిషను మీద ఆయనకున్న అభ్యంతరం అక్కడితో సరి. అయితే అభ్యంతరం అనాథ కాలేదు. ఓడిపోయిన కాంగ్రెస్ అభ్యర్థి ఏసీ జోస్ గారు దాన్ని దత్తత తీసుకుని సుప్రీంకోర్టు దాకా నడిపారు. చట్టంలో మిషను ఊసే లేదని 1984లో కోర్టు ఆ 50 కేంద్రాల్లో కాగితంతో మళ్లీ పోలింగు పెట్టించింది. ఈసారి జోస్ గారు గెలిచారు. మిషను పుట్టిన తొలి ఎన్నికలోనే దాని జాతకమంతా రాసేశారన్నమాట.

పోనీ కాగితం వచ్చేస్తే గొడవ వదులుతుందా? 1971లో అంతా కాగితమే. దక్షిణ ఢిల్లీలో ఓడిన జనసంఘ్ నాయకుడు బలరాజ్ మధోక్ గారు బ్యాలెట్ పేపర్లకు రసాయనం పూశారన్నారు. ఓటరు గుద్దిన ముద్ర మాయమై, కాంగ్రెస్ వారి ఆవూదూడ గుర్తు మీద ముందే కొట్టి ఉంచిన ముద్ర మెల్లగా పైకి తేలుతుందట. ఈ సిద్ధాంతం కూడా సుప్రీంకోర్టు దాకా వెళ్లి చివరికి వీగిపోయింది. చిప్పు పుట్టకముందు ఆ ఉద్యోగం సిరా చేసేది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. 2009లో బీజేపీ ఓడింది. ఈవీఎంలను నమ్మొచ్చా అంటూ 2010లో జీవీఎల్ నరసింహారావు గారు పుస్తకం వేస్తే ఆడ్వాణీ గారు ముందుమాట రాశారు. 2018లో తెలంగాణలో కాంగ్రెస్ ఓడగానే ఉత్తమ్ కుమార్ రెడ్డి గారికి మిషను మీద అనుమానం వచ్చింది. 2023లో అవే మిషన్లు కాంగ్రెస్‌ను గద్దెనెక్కించాయి, అనుమానం ఏ శాంతిపూజా లేకుండానే తీరిపోయింది. 2024 నవంబరు 23న మహారాష్ట్ర, జార్ఖండ్ రెండింటి కౌంటింగూ ఒకేరోజు జరిగింది. ఒకచోట ఓడి ఇంకోచోట గెలిచినవాళ్లకు మిషను ఏకకాలంలో పాపిష్టిదీ పతివ్రతా అయింది.

నిజాలు చెబితే జనం మారతారని నాకు తెలిసిన ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారి విశ్వాసం. తప్పుడు రాజకీయ నమ్మకాల్లో ఇదీ ఒకటని ఆయనకు తెలీదు. ప్రిసైడింగ్ ఆఫీసరుగా బోలెడు ఎన్నికలు చేసిన మనిషి. పాలు పోయడానికొచ్చిన అబ్బాయిని గుమ్మంలో నిలబెట్టి పాఠం మొదలెట్టారు. పోలింగుకు గంటన్నర ముందు ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ చేస్తారు, అవి చెరిపేసి మిషనుకు సీలేస్తారు, సాయంత్రం మొత్తం ఓట్లు ఎన్నో 17సీ ఫారంలో రాసి ఏజెంట్లకు ఇస్తారు, చీటీలు లెక్కపెట్టే మిషన్లను లాటరీ తీసి ఎంచుతారు, అంతా వివరంగా చెప్పారు. అబ్బాయి క్యాను కిందపెట్టి శ్రద్ధగా విన్నాడు. అంతా అయ్యాక గొంతు తగ్గించి అడిగాడు: "మాస్టారూ, మీకేమన్నా ముట్టిందా?"

మాస్టారు ఆ మర్నాటి నుంచీ ప్యాకెట్ పాలు తాగుతున్నారు.

అనుమానించడమే పాపమని కాదు. సుబ్రమణ్య స్వామి గారు అనుమానించబట్టే 2013లో సుప్రీంకోర్టు వీవీప్యాట్ తెమ్మంది. బావా బావమరుదులు వంతులవారీగా వాడుకుంటున్న ఆ ఏడు సెకన్ల అద్దం అనుమానం పెట్టిన భిక్షే. గెలిచిన రోజు కూడా అరవగలిగే అనుమానం ఎక్కడన్నా కనిపిస్తే నేను వీధిలోనే దండం పెడతాను. కానీ 2017 జూన్ 3న, రండి, మిషన్లో మతలబు చేసి చూపించండని ఎన్నికల సంఘం పార్టీలను పిలిస్తే వచ్చినవి రెండే, ఎన్సీపీ, సీపీఎం. మేం తెలుసుకోడానికే వచ్చామన్నారు వాళ్లు కూడా.

కౌంటింగ్ కాకుండా ఈ జబ్బుకు ఇంకో మందుంది, పార్టీ మారడం. 2024లో ఒంగోలులో వైసీపీ తరఫున ఓడిన బాలినేని శ్రీనివాసరెడ్డి గారు ఈవీఎంలను మళ్లీ పరీక్షించాలని ఫీజు కట్టారు, హైకోర్టు కూడా ఎక్కారు. ఆ సెప్టెంబరులోనే కూటమిలోని జనసేనలో చేరారు. గెలిచిన కూటమిలోకి వెళ్లి గెలిపించిన మిషన్ను తిట్టడం మర్యాద కాదు కదా.

ఇక ప్రజాశాంతి పార్టీ కేఏ పాల్ గారు. కాగితపు బ్యాలెట్ మళ్లీ తెమ్మని ఆయన సుప్రీంకోర్టులో పిటిషను వేశారు. చంద్రబాబు, జగన్ ఇద్దరూ ఈవీఎంలను ట్యాంపర్ చేయొచ్చన్నారని చెప్పుకున్నారు. వాళ్లు ఓడినప్పుడే అలా అంటారు, గెలిచినప్పుడు ఏమీ అనరు కదా అంటూ 2024 నవంబరు 26న ధర్మాసనం పిటిషను కొట్టేసింది. ఆ ఇద్దరు నాయకులూ ఏకాభిప్రాయానికొచ్చిన విషయం రాష్ట్రంలో ఇదొక్కటేనేమో, కాకపోతే ఇద్దరికీ ఒకే ఏడాది కుదరలేదు.

ఈ మొత్తం వ్యవహారంలో మాట మార్చని మనిషి నాకైతే పాల్ గారొక్కరే కనిపిస్తున్నారు. మునుగోడు ఉప ఎన్నికలో పోలింగ్ కేంద్రాల దగ్గర పరుగులు తీసినప్పుడూ గెలవలేదు, ఆ తర్వాతా గెలవలేదు. అదే ఇబ్బంది. ఆయన్ని ఒక్కసారి గెలిపించి చూస్తే గానీ ఆ నమ్మకం అసలుదో కాదో తేల్చలేం. ఈ ప్రయోగానికి నేను సిద్ధంగానే ఉన్నాను గానీ, ఓటర్లే ముందుకు రావడం లేదు.