ఏ కెమెరా బాబాయ్

మంచి ఫొటో కనిపిస్తే మనం ఒకడుగు వెనక్కి వేస్తాం. ఏ కెమెరా బాబాయ్ ముందుకే వేస్తాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు ఫ్రేముకి ఆనించినంత పనిచేసి, కింద అంటించిన చీటీ చదువుతాడు. అందులో తీసినవాళ్ల పేరు, ఊరు, ఏడాది ఉంటాయి. లెన్సు వివరం ఉండదు. "ఇదేం పద్ధతిరా, అసలు సంగతి రాయలేదు!"

ఆ పేరు కాలనీ పిల్లలు పెట్టింది. ఆయన ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య ఉద్యోగం చేసి రిటైరైన ఇంజినీరు. లోకంలో ఏ పని జరిగినా దాని వెనక ఒక యంత్రం, దాని మీద ఒక నేమ్‌ప్లేటు ఉంటాయని నమ్మకం. పిన్ని చేసిన గుత్తొంకాయ తిన్నప్పుడు మాత్రం మూకుడు ఏ కంపెనీదని అడగడు. అక్కడ ఘనతంతా చేతిదే.

హైదరాబాద్‌లో 2015 నుంచి ఇండియన్ ఫొటో ఫెస్టివల్ జరుగుతోంది. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీకి నన్ను లాక్కెళ్లేది ఈయనే. ఒక్క గోడ వదలడు. కొన్ని ఫొటోలకి చేతులు జోడిస్తాడు కూడా. ఎగతాళి చేస్తున్నాను గానీ, అంత శ్రద్ధగా చూసేవాళ్లు నాకు ఎక్కువమంది తగల్లేదు.

సొంత కెమెరా బీరువాలో ఉంటుంది, పట్టుచీరల పక్కన. చీరలకి కలరా ఉండలు, దీనికి సిలికా జెల్ పొట్లాలు. దుమ్ము పడుతుందని బయటికి తీయడు. తీసిన రోజున ఎదురింటి ట్యాంకు మీద పావురానికి ఫొటో తీసి, పావురాన్ని చూడనివ్వకుండా ఈకలు జూమ్ చేసి చూపిస్తాడు.

పత్రికలో చిత్రకారుడు అన్వర్ వేసిన బొమ్మ కనబడితే, "నిబ్బా, బ్రష్షా?" అంటాడు. ఆ గీత ఎక్కడ ఆగిందో చూడు బాబాయ్ అన్నాను. "ఆగడం సరేరా, ఇంకు ఏది?"

ఒకసారి సెబాస్టియో సల్గాడో ఫొటోల పుస్తకం చేతికిచ్చాను. బ్రెజిల్‌లో సెర్రా పెలాడా బంగారు గని. ఒంటినిండా మట్టితో, మూటలు మోస్తూ నిచ్చెనలెక్కుతున్న వేలమంది. బాబాయ్ చాలాసేపు పేజీ తిప్పలేదు. నాకు ఆశ పుట్టింది. "లైకాయేనా?" అన్నాడు. సరే, కెమెరా ఊసే లేని సంగతి చెబుదామని, ఆ మహానుభావుడూ భార్య లేలియా కలిసి తండ్రి తాలూకు బీడైపోయిన భూమిలో 20 లక్షలకు పైగా మొక్కలు నాటించారని చెప్పాను.

"ఏ నర్సరీ?"

(వాళ్లు సొంత నర్సరీయే పెట్టుకున్నారట. ప్రశ్న మరీ తీసిపారేయాల్సిందేం కాదు.)

లాట్వియా సినిమా 'ఫ్లో' 2025లో ఆస్కార్ కొట్టేసరికి ఆయనకి యానిమేషన్ పూనింది. వరదలో చిక్కుకున్న పిల్లి కథ, ఒక్క మాట లేదు. ఎవరైనా ఉచితంగా దించుకోగల బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌తో చేశారని తెలిసి, ఆ రాత్రే దించుకున్నాడు. తెల్లారకముందే ఫోన్.

"ఒరేయ్, తెరిచాను. మధ్యలో బూడిదరంగు డబ్బా ఒకటుంది. పిల్లి ఏదిరా?"

పిల్లిని మనమే చేసుకోవాలి బాబాయ్, దర్శకుడు జిల్బలోడిస్‌కే ఐదేళ్లు దాటింది అన్నాను.

"ఐదేళ్లా? పాపం, పాత కంప్యూటర్ అయ్యుంటుంది."

ఇక లాభం లేదని, పండక్కి మా ఇంటికొచ్చినప్పుడు జపాన్ దర్శకుడు మియాజాకి 2013లో తీసిన యానిమేషన్ సినిమా 'ద విండ్ రైజెస్' పెట్టాను. అందులో భూకంపం వచ్చినప్పటి జనం దృశ్యం ఒకటుంది, 4 సెకన్లు. దానికి ఎయిజీ యమమోరి అనే యానిమేటర్‌కి 15 నెలలు పట్టింది. ఆ జనాన్నంతా చేత్తో గీశాడని చెప్పి, రిమోట్ బాబాయ్ చేతిలో పెట్టాను.

వెనక్కి తిప్పాడు. చూశాడు. మళ్లీ తిప్పాడు. లేచి టీవీ దగ్గరికెళ్లి, ఒక్కో మనిషినీ వేలితో పట్టుకుని వెంట నడిచాడు. ఒకడి నడక ఇంకొకడికి లేదు. వంటింట్లోంచి పిన్ని భోజనానికి పిలిస్తే, వస్తున్నానని కూడా అనలేదు. చివరికి నావైపు తిరిగాడు. కళ్లు చెమర్చాయి.

"అద్భుతంరా!" అన్నాడు. "ఒక్కొక్కడి మొహం విడివిడిగా కనిపిస్తోంది. ఈ టీవీ ఎన్నించీలు?"